ట్రైలరక్కయ్యగారు

మా అమ్మాయి మోరిస్‌విల్‌లో ఇల్లు కొనుక్కుంది. పోయిన నెల చూడ్డానికి వెళ్తే వంటిల్లు కన్నా ముందు గరాజ్ చూపించింది. గోడ నిండా ప్లాస్టిక్ పెట్టెలు. అన్నీ ఒకటే సైజు, ఒకటే రంగు మూతలు. ప్రతి పెట్టె మీదా మెషీన్‌తో అచ్చు కొట్టిన చీటీ: టెంట్, స్టవ్, లాంతర్లు. క్యాంపింగ్ సామానంతా ముద్దుగా సర్దుకుంది. "ఎలా ఉంది అమ్మా? నీట్ కదా?" అంది, నా మెచ్చుకోలు కోసం చూస్తూ.

"బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని స్టవ్ బయటికి తియ్యి, చూద్దాం."

"కళ్ళు ఎందుకు మూసుకోవాలి? లైట్ ఉంది కదా!" అని నవ్వేసింది. దాని తప్పేమీ లేదు. ఒకావిడ సర్దిన బేస్‌మెంట్ దానికి తెలియదు. అది చూసినవాళ్ళకి ఇంకెవరి సర్దుడూ ఆనదు, అదీ నా బాధ.

ఆవిడ పేరు రాయను. పేరు అచ్చులో పడితే "నేనేం నేరం చేశానే?" అని అడిగే మనిషి. వాషింగ్టన్ పక్కన మా హెర్న్‌డన్ తెలుగువాళ్ళందరికీ ఆవిడ ట్రైలరక్కయ్యగారు. డెబ్బైల చివర్లో నేను కొత్త కాపురానికి అక్కడికి వచ్చేసరికే ఆ పేరు స్థిరపడిపోయింది. అక్కయ్యగార్లు ఊళ్ళో చాలామందే ఉండేవారు కానీ ట్రైలర్ ఉన్న అక్కయ్యగారు ఒక్కరే.

వాళ్ళాయన గవర్నమెంటులో ఇంజనీరు. నేను బావగారూ అని పిలిచేదాన్ని. సెలవొస్తే ఆయనకి కొండల్లోకి పోవాలి. ఆవిడకేమో బయట ముద్ద దిగదు. ఆ రోజుల్లో దారి పొడుగునా శాకాహారం అంటే వేయించిన బంగాళాదుంప ముక్కలే. ఒకసారి మోటెల్ గదిలో దొంగచాటుగా కుక్కర్ పెట్టారట. మొదటి విజిల్‌కే మేనేజర్ వచ్చి తలుపు బాదాడట. ఆ అవమానంతో కొన్నారు ట్రైలర్. సెకండ్ హ్యాండ్‌ది, చిన్నది. కారు వెనక తగిలించుకుని వెళ్ళి, అక్కడ పైకప్పు లేపితే గుడ్డ గోడలతో రెండు వైపులా మంచాలు బయటికి వస్తాయి. లోపల రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్, చిన్న సింకు, కింద అలమరాలు. ఆ స్టవ్ ముందు నిలబడితే ఆవిడకి వైట్‌హౌస్ కూడా పూరిగుడిసెతో సమానం.

ప్రయాణాలు అందరూ చేస్తారు. మేమూ మా చిరుగుల టెంటు పట్టుకుని వాళ్ళ వెనకాలే పోయేవాళ్ళం. తేడా అంతా ఇంటికి తిరిగొచ్చాక కనిపించేది. మేం టెంటుని ఉన్నదున్నట్టు క్లాజెట్‌లోకి తోసేసి, స్నానాలు చేసి మంచాలెక్కేవాళ్ళం. మళ్ళీ ప్రయాణానికి తీస్తే అందులోంచి వచ్చే వాసనకి ఎలుగుబంట్లు కూడా మా జోలికి రాలేదు. అక్కయ్యగారింట్లో అలాంటి ఆటలు సాగవు. ట్రైలర్ ఖాళీ అయ్యేదాకా ఎవరికీ స్నానం లేదు, భోజనం లేదు. డ్రైవ్‌వేలో ట్రైలర్ మళ్ళీ పూర్తిగా విప్పించేది. గుడ్డ గోడలన్నీ ఆరాలి. చెయ్యి పెట్టి కాదు, చెంప ఆనించి చూసేది. ఆవకాయ ముక్కలు ఎండాయో లేదో చూసుకునే మనిషి శ్రద్ధ అది. "చెమ్మ అన్నది చేతికి అబద్ధం చెప్తుందే, చెంపకి చెప్పలేదు" అనేది.

తరవాత సామానంతా బేస్‌మెంట్‌లోకి దిగేది. స్లీపింగ్ బ్యాగుల్ని మా ఇంట్లోలాగా చుట్టి, బిగించి, మూలకి తన్నడం ఉండదు. అలా నొక్కి ఉంచితే లోపలి దూది చచ్చిపోతుందట. పాత నేత చీరల్ని పెద్ద పెద్ద గలీబుల్లా కుట్టి, వాటిల్లో వదులుగా వేసి, కమ్మీకి వేలాడదీసేది. బావగారి బ్యాగు మంగళగిరి చీరలో, తనది వెంకటగిరిలో, పిల్లలవి గద్వాలలో. "అడవికి పోయి మనం విశ్రాంతి తీసుకుంటాం. ఇంటికొచ్చి అవి తీసుకోవద్దూ?" అని నన్నే అడిగేది, తప్పంతా నాదన్నట్టు.

కుక్కర్ వెయిట్ కుక్కర్ చెవికే నాడాతో కట్టి ఉండేది. వెయిట్ ఇంట్లో మర్చిపోయి కొండెక్కిన తెలుగు కుటుంబాలు ఆ రోజుల్లో ఎన్నో, వాళ్ళ పప్పు ఉడికిన పాపాన పోలేదు. టెంటు మేకులు చిరిగిన జీన్స్ కాలులో. కందిపొడి పలకల బిస్కట్ డబ్బాలో, కరివేపాకు పొడి నడుం సన్నగా ఉన్న కాఫీ సీసాలో, ఉప్మారవ్వ ఐస్‌క్రీమ్ బక్కెట్‌లో. అన్నిటికన్నా ముఖ్యం, బేస్‌మెంట్ అరల మీద ఏది ఎడమో ట్రైలర్ అలమరాలోనూ అదే ఎడమ. ఏది ఏ వరసలో ఇక్కడ ఉంటే అక్కడా అదే వరస. ఇక్కణ్ణించి అక్కడికి చేర్చడమే తప్ప కొత్తగా సర్దడం అంటూ ఉండేది కాదు. ఏదైనా వస్తువు చోటు తప్పితే కోప్పడేది కాదు. "గరిటె ఇంకా ఇల్లు చేరలేదే?" అనేది, బడి నుంచి రావలసిన పిల్ల గురించి అడుగుతున్నంత సౌమ్యంగా. ఆ మాటకి బావగారితో సహా ఇంటిల్లిపాదీ లేచి వెతికేవారు.

ఇదంతా చాదస్తం అనే అనుకునేదాన్ని. వెనక నవ్వుకునేదాన్ని కూడా. ఎనభైలు వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది.

రేచీకటితో మొదలైంది. సందె చీకటి పడితే ట్రైలర్ మెట్టు కనిపించేది కాదు. డాక్టర్లు అది వంశంలోంచి వచ్చే జబ్బనీ, మందు లేదనీ, చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతూ వస్తుందనీ చెప్పారు. నాతో ఆ సంగతి బేస్‌మెంట్‌లోనే చెప్పింది, రవ్వ బక్కెట్ తుడుస్తూ. "ఇప్పుడు నీ ముఖం బాగానే కనిపిస్తోంది. నీ జూకాలు చూడాలంటే మాత్రం మళ్ళీ వెతుక్కోవాలి." నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం బక్కెట్‌ని అరలో దాని చోట పెట్టి, పక్కనున్న సీసాని వేలితో ఒకసారి తాకి, తలాడించింది. ఆ తాకడం అంతకుముందు లేదు. చీరల గలీబులు కూడా అప్పుడు తడిమింది. మంగళగిరి అంచు గరుకు, వెంకటగిరి మెత్తన. ఎవరి బ్యాగు ఏదో వేళ్ళకే తెలిసిపోతోంది. ఎన్నేళ్ళుగానో ఊరికే ముచ్చట కొద్దీ పెట్టుకున్న పద్ధతి ఆవిడకి చెయ్యి పట్టుకుని దారి చూపిస్తోంది.

అలా రెండు మూడు వేసవులు ఎవరికీ అనుమానం రాకుండా క్యాంపు నడిపింది. పదిమందికి ఉప్మా, సాంబారు, సాయంత్రం పకోడీలు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆవిడ చూపు తగ్గిందని చెబితే నమ్మేవారు కాదు.

ఒకసారి షెనండోవా కొండల్లో మా గుంపులో ఎవరో మహానుభావుడు కాఫీ కాచుకుని, గిన్నె దించి, బర్నర్ ఆర్పకుండా వెళ్ళిపోయాడు. చిన్న మంట. ఆవిడ లెక్క ప్రకారం ఆ బర్నర్ ఆరి ఉండాలి. చెయ్యి ఆనించింది. అరచెయ్యి కాలిపోయింది. బావగారు ఆవిడ చెయ్యి ఐసు పెట్టెలో పెట్టించి, ఆ మలుపుల రోడ్డు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ డ్రైవ్ ఆయన మర్చిపోలేకపోయారు. చెయ్యి మానింది గానీ ఆయన భయం మానలేదు. ఆ తరవాతి ట్రిప్పులో ఆవిణ్ణి స్టవ్ దగ్గరికి రానివ్వలేదు. చెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మేం వండాం, కంచం చేతికిచ్చాం, మంచినీళ్ళు అందించాం. ఆవిడ అన్నిటికీ "థాంక్స్" చెప్పింది. ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"నన్ను చుట్టాన్ని చేసేశారే" అంది నాతో, గిన్నెలు కడుగుతున్న చప్పుడు వింటూ.

ఇంటికి రాగానే బావగారు ట్రైలర్ అమ్మకానికి పేపర్లో ప్రకటన ఇచ్చారు. "సెల్ చేసేద్దాం. రిస్క్ తీసుకోలేను" అన్నారు. ఆయన చెడ్డవాడైతే ఆవిడ పోట్లాడి ఉండేది. ప్రేమతో భయపడేవాడితో ఎలా పోట్లాడాలో తెలియక ఊరుకుంది. సామాను మాత్రం ఎప్పటిలాగే తుడిచి, ఆరబెట్టి, చోట్లలో పెట్టింది. "అమ్ముతున్నారుగా అక్కా, ఎందుకీ శ్రమ?" అంటే, "అమ్మకానికొచ్చిందని చిన్నబుచ్చుతామా దాన్ని?" అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాకినాడ నుంచి బావగారి అక్కగారు వచ్చారు. మొదటిసారి అమెరికా. మంచి మనిషి, ఒక్క క్షణం ఖాళీగా కూర్చోలేని మనిషి. మరదలి కళ్ళ సంగతి అక్కడెవరికీ చెప్పలేదు. అద్దాల పవర్ మారుస్తున్నారని మాత్రం చెప్పారు. అక్కగారి పెట్టెలో బట్టలు తక్కువ, స్టీలు డబ్బాలు ఎక్కువ. అన్నీ ఒకటే సైజు, తళతళలాడుతూ, ప్రతి మూత మీదా తమ్ముడి పేరు చెక్కించి మరీ తెచ్చారు.

భార్యాభర్తలిద్దరూ బాల్టిమోర్ కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళిన రోజు, అక్కగారు బేస్‌మెంట్‌లోకి దిగారు. సాయంత్రం నేను చపాతీలు పట్టుకుని వెళ్ళేసరికి పని పూర్తయిపోయింది. "చూశావుటమ్మా, ఎలా పెట్టుకుందో! బిస్కట్ డబ్బాలూ, ఐస్‌క్రీమ్ డబ్బాలూ! మావాడు ఇంత ఉద్యోగం చేస్తూ ఉంటేను!" అన్నారు చెయ్యి పట్టి లాక్కెళ్తూ. పొడులూ, రవ్వలూ, పప్పులూ అన్నీ స్టీలు డబ్బాల్లోకి మారిపోయాయి. అరల నిండా ఒకేలాంటి డబ్బాలు, పట్నం షాపులో పెట్టినట్టు. స్లీపింగ్ బ్యాగులు తాళ్ళతో బిగించి గుట్టగా ఉన్నాయి. చీరల గలీబులు ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి ఒక పక్కన. నా కాళ్ళు మెట్ల దగ్గరే ఆగిపోయాయి. అక్కగారి ముఖం చూస్తే ఒక్క మాట అనబుద్ధి కాలేదు. పొద్దున్నుంచీ తిండి కూడా తిన్నట్టు లేదు పాపం.

అంతలో వాళ్ళొచ్చారు. "కిందికి రా అమ్మాయ్, నీకో సర్‌ప్రైజు" అని అక్కగారు ఆవిణ్ణి దింపారు. వెనకాలే బావగారు.

ఆవిడ అలవాటుగా అర దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. వేలికి స్టీలు తగిలింది. పక్కకి జరిపింది. మళ్ళీ స్టీలు. మళ్ళీ స్టీలు. చెయ్యి ఆగిపోయింది. గాలిలో అలా ఉండిపోయిన ఆ చెయ్యి నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

"ఎలా ఉంది?" అన్నారు అక్కగారు.

"చాలా శ్రమ పడ్డారు వదినగారూ" అంది ఆవిడ. గొంతులో ఎక్కడా తేడా లేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కాస్త ఇలా రండి. నా పక్కన కూర్చోండి. కళ్ళు మూసుకుని నాకు కందిపొడి ఇవ్వండి."

"ఇదేం ఆటే!" అని నవ్వుతూనే కూర్చున్నారు అక్కగారు. కళ్ళు మూసుకుని ఒక డబ్బా తీసిచ్చారు. ఆవిడ మూత తీసి వాసన చూసింది. "ఇది కాఫీపొడి వదినగారూ. ఇంకోటి." ఇంకోటి పంచదార. ఇంకోటి రవ్వ. నాలుగోదానికి చెయ్యి చాపబోయి అక్కగారు ఆగిపోయారు. నెమ్మదిగా కళ్ళు తెరిచి మరదలి ముఖంలోకి చూశారు.

"నీకు... కనపడదా?"

"కనపడుతుంది. కాకపోతే కొంచెం. అది కూడా కొన్నాళ్ళే."

అక్కగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమన్నారు. తమ్ముణ్ణి, దేవుణ్ణి, తన చేతుల్ని, అన్నిటినీ తిట్టుకున్నారు. ఆవిడ ఆ భుజం మీద చెయ్యి వేసి, "ఏడుపుకి చాలా టైముంది. ముందు ఈ రవ్వ ఇల్లు చేరాలి. రండి" అంది.

కళ్ళు పోతున్న మనిషి, జీవితమంతా కట్టుకున్నది ఒక్క పూటలో చెరిగిపోయిన మనిషి, ఎదుటివాళ్ళ ఏడుపుని కూడా ఒక చోట సర్ది పెట్టగలగడం నేనెక్కడా చూడలేదు. దండం పెట్టాలనిపించింది. పెట్టినా కనిపించదుగా అని కూడా అనిపించి, ఆ ఆలోచనకి నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాటి నుంచీ అత్తవారింటి ఆడపడుచు ఆవిడకి శిష్యురాలైపోయారు. పాత డబ్బాలు చెత్తబుట్టలోంచి వెనక్కి వచ్చాయి. స్టీలు డబ్బాలు గౌరవంగా వంటింట్లోకి ఎక్కాయి. అక్కగారు కళ్ళకి కొంగు అడ్డం కట్టుకుని ఒక్కొక్క వస్తువూ తాకి చూసి, "ఇది గుండ్రం. పక్కన ఇంకో గుండ్రం పెడితే నువ్వు తికమకపడతావు, ఇటు పెడదాం" అని సలహాలిచ్చేదాకా వచ్చారు. బావగారు మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండేవారు. "వాడేం చూస్తున్నాడో అడుగు" అని అక్కగారు ఎత్తిపొడిస్తే, ఆయన ఒక్కటే అన్నారు. "బేస్‌మెంట్‌లో మంట లేదు కదా అక్కయ్యా." ఆయన్ని తప్పు పట్టలేకపోయాం. ట్రైలర్ చూడ్డానికి శనివారం ఎవరో వస్తామన్నారని ఆ పూటే ఫోనొచ్చింది.

"శనివారం కాస్త రావే" అని ట్రైలరక్కయ్యగారు నాకు చెప్పింది. నాకు తెలిసినంతలో ఆవిడ ఎవర్నైనా సాయం అడగడం అదే మొదలు. వెళ్ళాను.

వచ్చినవాళ్ళు షాంటిలీ దగ్గర పొలాల్లో ఉండే ముసలి దంపతులు. రిటైరై, దేశమంతా తిరుగుదామని సరదాపడుతున్నారు. మంచి ఎండ. బావగారు డ్రైవ్‌వేలో ట్రైలర్ విప్పి నిలబెట్టారు. టైర్లూ, బ్రేకులూ ఆయన చూపించారు. లోపల చూపించడానికి మాత్రం ఎవరూ పిలవకుండానే ఆవిడ ఎక్కింది. ఆవిడ వెనకే ఆ ముసలావిడ, ద్వారం దగ్గర నేను.

పెళ్ళికూతురి సారె చూపించినంత మురిపెంగా చూపించింది. ఈ అర కిందికి లాగితే బల్ల. ఈ కొక్కెం తువ్వాలుకి, ఆ కొక్కెం గరిటెకి. చెయ్యి ఎక్కడా తడబడలేదు, వెతకలేదు. "దిస్ డోర్ ఈజ్ లిటిల్ స్టబర్న్. యూ లిఫ్ట్ అండ్ పుల్" అని పెళ్ళివారికి పిల్ల పెంకితనం ముందే చెప్పినట్టు చెప్పింది. దాపరికం లేదు. అమ్ముడుపోకూడదని ఎత్తులు వేయడం కూడా లేదు.

"స్టవ్ పని చేస్తుందా?" అని అడిగింది ముసలావిడ.

బావగారు బయటి నుంచి "వన్ మినిట్, ఐ విల్ షో" అంటూ పరుగున వచ్చారు. ఆయన మెట్టు ఎక్కేలోపే ఆవిడ గ్యాస్ గొట్టం దగ్గర వంగి వాసన చూసింది. రెండు బర్నర్ల మీదా దూరం నుంచి అరచెయ్యి ఆడించింది. ఆ అరచెయ్యే, కాలిన మచ్చ ఉన్నదే. అగ్గిపుల్ల గీసింది, మీట తిప్పింది. నీలంగా మంట లేచింది. చెవి కాస్త వంచి ఆ చప్పుడు విని, మీట తగ్గించింది. అగ్గిపెట్టె దాని చోట పెట్టేసింది. బావగారు మెట్టు మీద ఒక కాలూ, నేల మీద ఒక కాలూ వేసి అలాగే నిలబడిపోయారు.

ముసలాయన ఇదంతా కిటికీలోంచి చూస్తున్నాడు. "ఇంత బాగా ఉంచుకున్నారే, ఎందుకు అమ్మేస్తున్నారు?" అని బావగారిని అడిగాడు.

బావగారు "మై వైఫ్... హర్ ఐస్ ఆర్ నాట్ గుడ్" అన్నారు.

ముసలాయన ట్రైలర్‌లోకి చూశాడు. మళ్ళీ బావగారి వైపు చూశాడు. "హర్ ఐస్?" అన్నాడు, తను విన్నది తప్పేమో అన్నట్టు.

బావగారు తల దించుకున్నారు. కాసేపటికి ఎత్తి, "ఐ యామ్ సారీ. ఇట్స్ నాట్ ఫర్ సేల్" అన్నారు. ఆ దంపతులు ఏమనుకున్నారో గానీ, ముసలాయన ఆయన భుజం తట్టాడు.

లోపల్నుంచి ఆవిడ అంది. "అయ్యో, పాపం పనిగట్టుకుని వస్తే ఉత్తినే పంపేస్తారా? కూర్చోమనండి. కాఫీ పెడుతున్నాను."

ఆ మంట మీదే గిన్నె ఎక్కించింది. బావగారు ఇంట్లోకి పరిగెత్తి పాలు తెచ్చారు. తెచ్చి, ఆవిణ్ణి పక్కకి జరగమనే అలవాటు చొప్పున స్టవ్ వైపు చెయ్యి చాపారు. "అక్కడ పెట్టండి, నేను తీసుకుంటాను" అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత పాలు ఆవిడ చెప్పిన చోట పెట్టి, మెట్టు దిగి, కాస్త దూరంగా జరిగి నిలబడ్డారు. లోపల పాలు పొంగే చప్పుడు వినిపిస్తుంటే ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నారు.